ఒక పూట యానాం

కాకినాడ బస్సు దిగేసరికి పదిన్నర.
సాయంత్రం ఆరింటికి తిరుగు బస్సు.
ఈలోగా ఒక ఊరు చూడాలి,
అన్నం తినాలి,
మా అమ్మమ్మ పాలపన్ను ఎక్కడ పోయిందో కనుక్కోవాలి.

షమీమ్ నవ్వింది. నవ్వితే నవ్వింది,
టిఫిన్ డబ్బులు తనే ఇచ్చింది.
పెసరట్టులో అల్లం పంటికింద భగ్గుమంటుంటే
పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన
ఇంకో గరిటెడు పచ్చడి వేయించుకున్నాడు,
కోర్టులో దావా గెలిచినట్టు.

ఆటో ఓలేటి ధర్మారావుది.
"ఏం చూస్తారండి? ఫ్రెంచోళ్ళవా, మనవా?"
"రెండూ" అన్నాం.
"అయితే రెండొందలు ఎక్స్‌ట్రా అవుద్దండి."

చర్చిలో చల్లగా ఉంది,
ఎవరో అప్పుడే తడిగుడ్డ పెట్టి వెళ్ళారు.
బయట పోలీసు, నెత్తిన బోర్లించిన ఎర్రగిన్నె లాంటి టోపీ.
టోపీ పరాయిది, కింద మొహం అచ్చం తాళ్ళరేవుది.
సైకిలు కుర్రాణ్ణి ఆపి
"ఏరా, మీ బాబుకి జ్వరం తగ్గిందా?" అంటున్నాడు.

సమాధుల దొడ్లో పేర్లు చదవబోతే
అక్షరాలు తెలిసినవే, మాటలు రావు.
ఒక రాతి మీద రెండు ఏళ్ళు దొరికాయి:
పుట్టినది, పోయినది.
తీసివేస్తే ఇరవై ఆరు.
ఏం పనిమీద వచ్చావు నాయనా ఇంత దూరం,
తిరుగు పడవ ఎన్నింటికనుకున్నావు?

మా అమ్మమ్మా ఇక్కడికి ఒక పూటకే వచ్చింది.
పేరు మంగతాయారు. వయసు తొమ్మిది.
ఇంగ్లీషువాడి రాజ్యంలో పసిపిల్లకి పెళ్ళి చేస్తే
జరిమానా, జైలు.
గౌతమి దాటితే ఫ్రెంచివాడు,
వాడికి ఆ చట్టం పట్టదు.
అందుకని మురమళ్ళ నుంచి
పడవ నిండా చుట్టాలు, అరటిగెలలు,
సన్నాయివాళ్ళు ఇద్దరు,
నిద్రమొహంతో పెళ్ళికూతురు.

తాళి గుర్తులేదు ఆవిడకి. మంత్రాలు గుర్తులేవు.
తాతయ్య సంగతి అడిగితే
"ఎవరో కుర్రాడే, ఆవలిస్తున్నాడు" అనేది.
గుర్తున్నదల్లా రొట్టె.
మోచేతంత పొడుగు,
పైన చెక్కలా గట్టి, లోపల దూది.
అంటూ ముట్టూ అని ఎవరో అరిచేలోగా
మేనమామ కొనిచ్చేశాడు.
కొరికింది.
పన్ను రొట్టెలోనే ఉండిపోయింది.
పందిట్లో నెత్తురు, ఏడుపు,
"శుభమా అంటూ ఇదేమిటే" అని నెత్తిన మొట్టికాయ.
ఆ పన్ను తీసుకెళ్ళి ఒక గోడ మొదట్లో పాతిందట.
చెప్పినప్పుడల్లా గోడ రంగు మారేది.

బేకరీలు మూడు తిరిగాం.
ఒకదాంట్లో ఎవరి పుట్టినరోజో కేకు మీద రాస్తున్నారు.
ఒకటి మూసుంది.
మూడోదాంట్లో కుర్రాడు బాగా ఆలోచించి
"పొడుగ్గా అంటే క్రీమ్ బన్ను ఉందండి" అన్నాడు.
కొన్నాం.
మెత్తగా ఉంది. ఏ పన్నునీ ఏమీ చెయ్యదు.

భోజనానికి కూర్చుని
పులస ఉందా అని అడిగింది షమీమ్.
హోటలాయన గొంతు తగ్గించాడు.
"మాఘమాసంలో పులసేంటమ్మా.
వరద నీరు ఎర్రబడాలి,
చేప సముద్రం ఒదిలి ఏరెక్కాలి.
అందాకా దాని పేరు ఇలసే.
ఉందని చెప్పి పెట్టేవాళ్ళున్నారు.
నేను పెట్టను."
పండుగప్ప పులుసు పెట్టాడు, బెండకాయలు వేసింది.
గోంగూరలో చిట్టి రొయ్యలు.
పీత డెక్క విరవబోయి షమీమ్ చున్నీ పాడుచేసుకుంది.
ఆ తర్వాత కాసేపు
మా ఇద్దరికీ చరిత్ర గుర్తులేదు.

నాలుగున్నరకి ధర్మారావు
ఒక పసుపుగోడ పక్కన ఆటో ఆపాడు.
"ఇది పాతదండి."
"ఎంత పాతది?"
"మీకెంత కావాలండి?"

నవ్వొచ్చింది. దిగాను.
మొదట్లో మట్టి గట్టిగా ఉంది, ఎవరిదో గుట్కా కాగితం.
బన్నులో సగం తుంచి అక్కడ పెట్టాను.
నేను వెనక్కి తిరగకముందే కాకి ఎత్తుకుపోయింది.
"పోనీలే, దానికి పళ్ళు లేవు" అంది షమీమ్.

ఏటిగట్టున కూర్చుని మిగతా సగం తిన్నాం.
పడవలు దాటే చోట ఇప్పుడు వంతెన,
దాని మీద గ్యాస్ సిలిండర్ల లారీ.
అవతలి ఒడ్డు తొమ్మిదేళ్ళ పిల్లకి
ఎంత దూరంగా కనపడి ఉంటుందో
కళ్ళు చికిలించి చూశాను గానీ
ఎండ నీళ్ళమీద పడి ఏమీ కనపడలేదు.

ఆరింటి బస్సు ఆరుంబావుకి వచ్చింది.